వాదన ఎక్కడ బలహీనపడుతుంది?

వాదనను బలహీనపరిచే ఐచ్ఛికాన్ని ఎంచమనే పరీక్ష ప్రశ్నను, గోదావరిఖని అభ్యర్థులకు బాగా తెలిసిన బొగ్గు గనుల విషయంతోనే చూద్దాం. ‘ఓపెన్‌కాస్టులో తలసరి ఉత్పత్తి భూగర్భ గనికన్నా ఎక్కువ. కాబట్టి భూగర్భ గనులన్నిటినీ ఓపెన్‌కాస్టులుగా మారిస్తే సింగరేణికి లాభం.’ ఈ వాదనను బలహీనపరిచేది ఏది? ఐచ్ఛికాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

‘సింగరేణిలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.’ నిజమే, కానీ వాదనను తాకదు. ‘భూగర్భ కార్మికుల శ్రమ కఠినం.’ మనసును కదిలిస్తుంది, మార్కు తేదు. ‘లోతైన బొగ్గు పొరల మీది మట్టిని (ఓబీ) తొలగించే ఖర్చు అక్కడి బొగ్గు విలువను మించుతుంది.’ ఇదే జవాబు. ఉత్పత్తి పెరిగితే లాభమూ పెరుగుతుందన్న, పైకి చెప్పని ఊహను ఇది దెబ్బతీసింది. ఇచ్చిన ఆధారాన్ని మాత్రం కాదనలేదు, గమనించండి.

బొగ్గుబాయి ఇళ్ల పిల్లలు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ ఖర్చు నిజంగా అంత అవుతుందా అని సొంత అనుభవంతో తర్కించకండి. ఐచ్ఛికాలను నిజమనుకునే జవాబు ఎంచాలి.