డిగ్రీ చదువు – డాక్టరు చదువు
(బి.యస్సీ. చదువుతూ వైద్యవిద్యా ప్రవేశానికి సిద్ధమయ్యేవారికి కొన్ని సూచనలు)

బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు)

సెలవులకు ఊరికి పోతే బస్సు దిగిన కాడి నుంచి ఇంటి గడప దాకా ఒకటే ప్రశ్న: "ఏం బిడ్డా, డాక్టరు సీటొచ్చిందా?" రాలేదంటే, "మరేం చదువుతున్నవ్?" అని రెండో ప్రశ్న. బి.యస్సీ. అని చెబితే "అట్లనా!" అని ఊరుకుంటారు. ఆ "అట్లనా"లో ఎంత జాలి ఉంటుందో మన తరగతిలో సగం మందికి అనుభవమే. ఇంటర్లో బై.పి.సి. చదివి, వైద్యవిద్యలో సీటు రాక, ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగు తీసుకొని, అప్పటికీ రాక డిగ్రీలో చేరినవాళ్లం చాలామందిమి ఉన్నాం. నేనూ వారిలో ఒకణ్ణి.

ఇలా చేరినవారిలో కొందరు డిగ్రీని బస్టాండులో బెంచీలాగా చూస్తారు. బస్సు వచ్చేదాకా కూర్చోవడానికి అది చాలు అనుకుంటారు. మరికొందరు ఇక మనకు రాదులే అని వైద్యవిద్య మాటే మరిచిపోతారు. ఈ రెండూ పొరపాటేనని నా అభిప్రాయం. మొదటి పొరపాటు నేను చేసినదే కనుక దాని సంగతి కాస్త గట్టిగా చెప్పగలను.

నేను చేసిన తప్పు

మొదటి సంవత్సరంలో రసాయన శాస్త్రం క్లాసు జరుగుతుంటే వెనుక బెంచీలో కూర్చొని కోచింగు మెటీరియల్ చదివేవాణ్ణి. ప్రాక్టికల్స్‌కు రికార్డు పక్కవాడిది చూసి రాసేవాణ్ణి. ఫలితం ఏమైంది? సెమిస్టరులో రసాయన శాస్త్రం పేపరు తప్పాను. అదే ఏడు నీట్ రాస్తే అందులోనూ తక్కువ మార్కులు వచ్చింది రసాయన శాస్త్రంలోనే! రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే కదా. ఏ పాఠం నీట్ కోసమని తరగతిలో వినకుండా వదిలేశానో, ఆ పాఠమే నీట్‌లో అడిగారు. అప్పుడు నాకు తెలిసివచ్చింది: డిగ్రీ వేరు, నీట్ వేరు అనుకోవడమే అసలు తప్పు.

నియమాలు ఏమంటున్నాయి?

మన దేశంలో యం.బి.బి.యస్.లో చేరడానికి డిగ్రీ అవసరం లేదు. ఇంటర్మీడియట్ లేదా దానికి సమానమైన పరీక్షలో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు, ఇంగ్లీషు చదివి ఉండాలి. ఆ మూడు శాస్త్రాల్లో కలిపి జనరల్ అభ్యర్థులకు 50 శాతం, యస్.సి., యస్.టి., బి.సి. అభ్యర్థులకు 40 శాతం మార్కులు రావాలి. వయస్సు ప్రవేశ సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 నిండాలి. పై వయోపరిమితిని 2022లో తొలగించారు. కనుక ఇరవై ఏళ్లు దాటాయని, డిగ్రీలో చేరామని దిగులు పడనక్కర లేదు. బి.యస్సీ. పాసైనవారు కూడా, అందులో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాల్లో కనీసం రెండు చదివి ఉంటే, అంతకుముందు ఇంటర్లో పై సబ్జెక్టులన్నీ పాసై ఉంటే, అర్హులే.

తెలంగాణలో 2016 వరకు వైద్యవిద్యకు ఎంసెట్ ఉండేది. 2017 నుంచి నీట్ ర్యాంకే ఆధారం. యం.బి.బి.యస్.కే కాదు, దంత వైద్యానికి, ఆయుర్వేద, హోమియో, యునాని డిగ్రీలకు కూడా ఇదే పరీక్ష. దీన్ని తెలుగులోనూ రాయవచ్చు. 2018 నుంచి ఉర్దూలోనూ రాయవచ్చు. పాతనగరంలో ఉర్దూ మీడియం చదివిన మిత్రులకు ఇది మేలు చేసే విషయం. అయితే అనువాదంలో ఏదైనా తేడా కనిపిస్తే ఇంగ్లీషు ప్రశ్నే ప్రమాణం. కనుక ఏ మీడియం వారైనా పారిభాషిక పదాలను ఇంగ్లీషులో కూడా తెలుసుకొని ఉండాలి.

పరీక్ష స్వరూపం

2025 నుంచి మళ్లీ పాత పద్ధతి వచ్చింది. మొత్తం 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. భౌతిక శాస్త్రం 45, రసాయన శాస్త్రం 45, జీవశాస్త్రం 90 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత.

"తెలియకపోతే ఏదో ఒకటి పెట్టేయ్" అని మిత్రులు సలహా ఇస్తుంటారు. లెక్క వేసి చూద్దాం. నాలుగు జవాబుల్లో గుడ్డిగా ఒకటి పెడితే, 100 ప్రశ్నల్లో సుమారు 25 సరిపోతాయి, 75 తప్పుతాయి. 100 మార్కులు వస్తే 75 పోతాయి. 400 మార్కుల పంటకు చేతికి వచ్చేది 25. అదే, చదువు వల్ల రెండు జవాబులు తప్పని ఖాయంగా చెప్పగలిగితే, 10 ప్రశ్నల్లో 5 సరిపోయి 20 వస్తే 5 పోతాయి, 15 మిగులుతాయి. సగం తెలిసిన పాఠం కూడా ఇంతో అంతో పెడుతుంది గాని, అదృష్టం ఏమీ పెట్టదు.

డిగ్రీ పాఠం ఎంతవరకు అక్కరకు వస్తుంది?

జంతుశాస్త్రంలో ప్లాస్మోడియం జీవితచక్రం తీసుకుందాం. ఇంటర్లో చదివాం, డిగ్రీలో మళ్లీ వచ్చింది, నీట్ పాఠ్యాంశాల్లోనూ ఉంది. డిగ్రీలో బొమ్మ గీసి వ్యాసం రాయాలి. నీట్‌లో "ఫలదీకరణ ఎక్కడ జరుగుతుంది?" అని ఒక్క ముక్క అడుగుతారు. దోమ లాలాజలంతో స్పోరోజాయిట్లు మన శరీరంలోకి వస్తాయి. ముందు కాలేయంలో, తరువాత ఎర్ర రక్తకణాల్లో పెరుగుతాయి. ఆ కణాలు పగిలినప్పుడు వెలువడే హీమోజాయిన్ వల్ల చలి, జ్వరం వస్తాయి. గామిటోసైట్లు మన రక్తంలోనే తయారైనా, ఫలదీకరణ మాత్రం దోమ ఆహారనాళంలో జరుగుతుంది. ఈ చక్రాన్ని ఒక్కసారి పుస్తకం మూసి సొంతంగా గీసినవాడికి ఆ ఒక్క ముక్క ఎట్లా అడిగినా తప్పదు.

ఈ పాఠానికి మన నగరంతో సంబంధం ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శిని కింద దాని గోడ మీద మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మనం ల్యాబులో విసుక్కుంటూ చేసే డిసెక్షన్ వంటి పనే ఆయన ఓపికగా రోజుల తరబడి చేశాడు.

రసాయన శాస్త్రానికి క్లోరోఫారం ఉదాహరణ. దాన్ని నల్లని సీసాలో, మూతి దాకా నింపి ఎందుకు ఉంచుతారు? గాలి, వెలుతురు తగిలితే అది ఆక్సీకరణం చెంది ఫాస్జీన్ అనే విషవాయువు అవుతుంది గనుక. ఇది నీట్‌లో అడగదగిన ప్రశ్న, డిగ్రీలో సేంద్రియ రసాయన పాఠం. 1846లో మొదలైన హైదరాబాదు వైద్య పాఠశాలే తరువాత ఉస్మానియా వైద్య కళాశాల అయింది. ఆ పాఠశాల ప్రిన్సిపాలు ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో ఇక్కడ రెండు క్లోరోఫారం కమిషన్లు నడిపాడు. ఆరవ నిజాము డబ్బు ఇచ్చాడు. క్లోరోఫారం ఎక్కువైతే ముందు ఆగేది శ్వాసే, గుండె కాదు అని వారు తేల్చారు. గుండె కూడా నేరుగా ఆగిపోవచ్చని 1911లో ఇంగ్లండులో జరిగిన పరిశోధన చూపించింది. పెద్దవాళ్లు చెప్పిందైనా మళ్లీ పరీక్షించుకోవాలనే శాస్త్ర సూత్రం దీంట్లో మనకు కనిపిస్తుంది.

తెగిన గట్టు – భౌతిక శాస్త్రం

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. మనం చదివే వృక్ష, జంతు, రసాయన శాస్త్రాల గ్రూపులో భౌతిక శాస్త్రం లేదు. నీట్‌లో 720కి 540 మార్కులకు డిగ్రీ ఎంతో కొంత తోడ్పడుతుంది. మిగిలిన 180 మార్కులకు తోడు లేదు. ఇంటర్ అయినప్పటి నుంచి ఫిజిక్సు పుస్తకం తెరవకపోతే, గట్టు తెగిన మడిలాగా ఎంత నీరు పెట్టినా నిలవదు. కనుక బి.జడ్.సి. విద్యార్థి సొంత సమయమంతా ముందు భౌతిక శాస్త్రానికే ఇవ్వాలి. జీవశాస్త్రం ఇష్టం కదా అని రాత్రంతా అదే చదువుకుంటూ కూర్చోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

చిన్న లెక్క చూడండి. ఒకరికి 50 సెంటీమీటర్ల కన్నా దూరంలో ఉన్నవి స్పష్టంగా కనపడవు. ఏ అద్దం కావాలి? ఎక్కడో దూరాన ఉన్న వస్తువు ప్రతిబింబం 50 సెంటీమీటర్ల దగ్గర ఏర్పడాలి. అంటే నాభ్యంతరం మైనస్ 50 సెంటీమీటర్లు, మైనస్ అర మీటరు. ఒకటిని దానితో భాగిస్తే మైనస్ 2 డయాప్టర్లు. పుటాకార కటకం కావాలి. కంటి నిర్మాణం మనం జంతుశాస్త్రంలో చదువుతాం. అద్దం లెక్క మాత్రం ఫిజిక్సే చెప్పాలి. రోగికి రెండూ కావాలి.

ఈ సందర్భంలో రూపాబాయి ఫర్దూన్‌జీని తలచుకోవాలి. ఆమె 1880లలో హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, మత్తు ఇచ్చే వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరుగా పేరు పొందింది. ఎన్నో ఏళ్లు పనిచేసిన తరువాత 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుంది. డాక్టరు అయినామె సైన్సు కోసం మళ్లీ బడికి పోయింది. మనం సైన్సు కళాశాలలోనే ఉండి సైన్సును తప్పించుకు తిరగడం ఏమి న్యాయం?

ఆచరణలో నా పద్ధతి

1. తెల్లవారుజామున రెండు గంటలు భౌతిక శాస్త్రం. చదవడం కాదు, లెక్కలు చేయడం.
2. కళాశాలలో ఆ రోజు జరిగిన పాఠాన్ని అదే సాయంత్రం యన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలో వెతికి చదవడం. నేను షాలిబండలోని గదికి పోయే ముందు అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుంటాను. గదిలో నలుగురం ఉంటాం, అక్కడ చదువు సాగదు.
3. ఆదివారం మూడు గంటలు గడియారం ముందు పెట్టుకొని పూర్తి పేపరు రాయడం. తప్పిన ప్రశ్నలకు వేరే నోటుపుస్తకం. తెలియక తప్పిందా, తొందరలో తప్పిందా అని పక్కన రాసుకోవాలి.
4. ప్రాక్టికల్ రికార్డు స్వయంగా రాసుకోవడం.
5. సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోవడం. స్థానికత కోసం తొమ్మిదవ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, మీసేవ నుంచి కుల, ఆదాయ ధ్రువపత్రాలు. ఒరిజినల్స్ డిగ్రీ కళాశాలలో ఉంటాయి గనుక, కౌన్సెలింగు ముందు ఆఫీసులో అడిగి పెట్టుకోవాలి.

ఇతర ద్వారాలు

యం.బి.బి.యస్. ఒక్కటే ఆరోగ్య విద్య కాదు. చార్మినార్ పక్కనే ప్రభుత్వ నిజామియా తిబ్బీ కళాశాల ఉంది. అక్కడ యునాని చదవడానికి ఉర్దూ పరిచయం అవసరం. ఎర్రగడ్డలో ఆయుర్వేద, రామంతాపూర్‌లో హోమియో ప్రభుత్వ కళాశాలలున్నాయి. నర్సింగు, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ డిగ్రీలున్నాయి. వీటి నిబంధనలు మారుతుంటాయి కనుక ఆ ఏటి నోటిఫికేషన్ స్వయంగా చదవాలి. ఎవరో చెప్పింది నమ్మరాదు. బి.యస్సీ. పూర్తి చేస్తే జీవరసాయన, జన్యు, సూక్ష్మజీవ శాస్త్రాల్లో యం.యస్సీ. దారి ఉండనే ఉంది.

మెట్రిక్ మూడవసారికి గాని గట్టెక్కని భీమవరం పిల్లవాడు యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వైద్యం చదివితే యం.బి.బి.యస్. బదులు యల్.యం.యస్. అర్హతే దక్కింది. ఆయన అమెరికా వెళ్లి జీవరసాయన శాస్త్రవేత్త అయ్యాడు. మా జిల్లాలో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి ఇచ్చే డి.ఇ.సి. మాత్ర ఆయన నాయకత్వంలోని పరిశోధకులు కనిపెట్టిందే. రోగి మంచం పక్కన నిలబడకుండానే ఎందరికో మేలు చేసిన మనిషి.

ముగింపు

మాకు మూడెకరాల పత్తి చేను, ఒక బోరు. లాంగ్ టర్మ్ కోచింగు ఫీజు ఆ ఏటి పత్తి డబ్బే. ఆ సంవత్సరం బోరు మోటారు కాలిపోతే బాగుచేయించడానికి నాయిన అప్పు చేసిండని నాకు తరువాత అమ్మ చెప్పింది. సెమిస్టరులో పేపరు తప్పినప్పుడు ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి చెప్పాను. నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పత్తి పోతే ఆ చేన్లనే జొన్న ఏస్తం గాని, చేను ఇడిసిపెట్టం గద బిడ్డా. ఇంకొక్కసారి రాయి. కాని ఉన్న చదువు ఇడవకు" అన్నాడు.

మా ఇద్దరి ఒప్పందం అదే. వచ్చే పరీక్ష నాకు నాలుగవది, ఆఖరుది. సీటు వస్తే సంతోషం. రాకపోతే డిగ్రీ మంచి మార్కులతో పూర్తి చేసి జీవరసాయన శాస్త్రంలో యం.యస్సీ.కి రాస్తాను. తప్పిన రసాయన శాస్త్రం పేపరు ఈ మధ్యనే పాసయ్యాను.

జూనియర్ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. మీరు ఎన్నిసార్లు రాస్తారో ముందే ఇంట్లోవాళ్లతో కూర్చొని మాట్లాడుకోండి. ఆ మాట మీద నిలబడండి. అందాకా, తరగతిలో జరిగే పాఠం వినండి. అది రెండు పరీక్షలకూ అక్కరకు వచ్చే పాఠం.