పెరటి కూర

అంట్లు తోమిన నీళ్ళు మీ ఇంట్లో ఎక్కడికి పోతున్నాయి? స్నానం చేసిన నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి? చాలా ఇళ్ళలో గోడ పక్కనే బురద అవుతుంది. దోమలు చేరతాయి. ఆ నీళ్ళకు చిన్న కాలువ తీసి అరటి పిలకకు మళ్ళించండి. బురద ఉండదు. అరటి ఎదుగుతుంది.

సబ్బునీళ్ళు ఆకుకూరల మీద మాత్రం పోయకూడదు. వాటికి బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు మంచివి.

పెరట్లో కూర ఎందుకు? సంతలో దొరకదా? దొరుకుతుంది. కానీ ఎండాకాలం వచ్చిందంటే ధర మండిపోతుంది. అప్పుడు కూర తగ్గిస్తారు. అందరికీ పెట్టాక గిన్నెలో మిగిలింది ఆడవాళ్ళు తింటారు. తగ్గిన కూర వాళ్ళ కంచంలోనే తగ్గుతుంది.

2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ప్రతి 100 మందికి సుమారు 58 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే రక్తంలో బలం తక్కువ. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కళ్ళు తిరుగుతాయి. కాన్పులో రక్తం పోతే తల్లి ప్రాణానికే ముప్పు.

ఒక ఇంట్లో కోడలికి అయిదో నెల. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేశారు. 9 ఉందన్నారు. గర్భిణికి 11 అయినా ఉండాలి. నర్సమ్మ ఐరన్ మాత్రలు ఇచ్చింది.

"మాత్రలెందుకే అమ్మాయ్? వేడి చేస్తాయి. రోజూ మునగాకు వండి పెడతాలే" అంది అత్త.

"రెండూ కావాలంట అత్తయ్యా. ఆకులో ఉన్న ఇనుము ఒంటికి కొంచెమే పడుతుందంట. మాత్ర మానొద్దని నర్సమ్మ మరీ మరీ చెప్పింది."

"మరి ఆకు తినడమెందుకు?"

"మాత్రలు కొన్నాళ్ళే కదా! కూర ఎప్పుడూ ఉండాలి. కంటికి కూడా మంచిదంట."

కోడలు చెప్పింది నిజం. గర్భిణులు కనీసం 180 రోజులు మాత్రలు మింగాలి. రక్తం తక్కువగా ఉంటే డాక్టరు చెప్పినన్ని మింగాలి. విరేచనం నల్లగా అయితే భయపడనక్కర్లేదు. మాత్రతోనూ, అన్నం తిన్న వెంటనేనూ టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు.

ఆకును ముందు కడగాలి. తర్వాత తరగాలి. తరిగి కడిగితే సారం నీళ్ళలో పోతుంది. తోటకూర పప్పు అందరికీ వచ్చిందే. కందిపప్పు ఉడికాక ఆకు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి మూత పెట్టాలి. ఆకు మగ్గితే చాలు. నీళ్ళు వంచి పారబోయకూడదు. తాలింపులో నూనె ఉండాల్సిందే. ఆకులో కంటికి మేలు చేసే గుణం నూనె తోడుంటేనే ఒంటికి పడుతుంది. దించాక నిమ్మకాయ పిండాలి. నిమ్మరసం తోడైతే ఇనుము ఎక్కువ పడుతుంది. పొయ్యి మీద ఉండగానే పిండితే ఆ గుణం తగ్గుతుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మునగ సంగతిలో అదే జరుగుతోంది. కాయ కోసుకుంటారు, ఆకు వదిలేస్తారు. ఆషాఢంలో ఒక్కసారి వండి ఊరుకుంటారు. లేత ఆకు దూసి వేయించి, ఎండుమిర్చి, మినప్పప్పు, వెల్లుల్లితో దంచితే కారప్పొడి నెలంతా ఉంటుంది.

అత్త పెరట్లో మంచమంత మడి చేసింది. తోటకూర గింజ ఆవగింజ కంటే చిన్నది. ఉత్త చేత్తో చల్లితే ఒకేచోట పడుతుంది. గుప్పెడు ఇసుక కలిపి చల్లాలి. చెంబుతో దిమ్మరిస్తే గింజ కొట్టుకుపోతుంది. నీళ్ళు చిలకరించాలి. చీమలు రాకుండా చుట్టూ బూడిద పోయాలి. కోళ్ళుంటే ముళ్ళకంప తప్పదు. 25, 30 రోజులకు కూర చేతికొస్తుంది. పీకకుండా రెండు వేళ్ళ ఎత్తు వదిలి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది.

తొలకరికి బీర, సొర, చిక్కుడు పాదులు పెట్టాలి. బీర నెలన్నరకు కాపుకొస్తుంది. కాయ కూరకు, పొట్టు పచ్చడికి. నాటు చిక్కుడు అలా కాదు. దడి నిండా అల్లుకున్నా, చలి మొదలైతే గానీ పూత రాదు. కాయడం లేదని పీకేసేవాళ్ళున్నారు. తొందరపడకూడదు. సంక్రాంతికి గుత్తులు గుత్తులుగా కాస్తుంది. రథసప్తమికి పరమాన్నం పెట్టేదీ చిక్కుడాకులోనే. లేత కొసలకు పేను పడితే, పొద్దున్నే మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లాలి.

చలికాలం పాలకూర, మెంతికూర, కొత్తిమీర బాగా వస్తాయి. ఎండలకు బచ్చలి తట్టుకుంటుంది.

సొరకాయ, బీరకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ పారేయాలి. ఉడికించినా ఆ విషం పోదు. వాంతులవుతాయి. ప్రాణం మీదికి వస్తుంది.

విత్తనం కొనక్కర్లేదు. బలమైన తోటకూర మొక్కను కోయకుండా వదిలేయాలి. వెన్ను ఎండాక దులపాలి. గింజలు నీడలో ఆరబెట్టి సీసాలో పోసి మూత బిగించాలి. ఎర్ర తోటకూర గింజా, పచ్చ తోటకూర గింజా రెండూ నల్లగానే ఉంటాయి. చూసి చెప్పలేం. అందుకే సీసాకు కాగితం అంటించి పేరు, నెల రాయాలి. అత్త తన సీసా మీద "ఎర్ర తోటకూర, కార్తీకం" అని రాసుకుంది.