కుటుంబ వ్యాజ్యములలో ఉచిత న్యాయసహాయము: అర్హులెవరు?

గ్రామ పెద్దల యొద్దకు వచ్చు భార్యాభర్తల తగవులలో కొన్ని నచ్చచెప్పుటచే చక్కబడును. చక్కబడనివి న్యాయస్థానమునకు పోవలసియుండును. ప్లీడరు ఫీజునకు వెరచి తమ హక్కును విడిచిపెట్టు స్త్రీలు కలరు. అట్టివారికి చట్టము చూపిన మార్గమును పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట అవసరము.

చట్టము

పేదరికము కారణముగా ఎవరికిని న్యాయము దూరము కారాదని మన రాజ్యాంగములోని 39-ఎ అధికరణము చెప్పుచున్నది. ఇది 1976లో 42వ సవరణచే చేర్చబడినది. ఈ ఆశయము ననుసరించి 1987లో చేయబడిన న్యాయ సేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చినది.

అర్హులు

ఆ చట్టపు 12వ సెక్షను ప్రకారము స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, దివ్యాంగులు మున్నగువారు ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. వీరికి ఆదాయముతో నిమిత్తము లేదు. ఈ తరగతులలో చేరని పురుషుడు తన వార్షికాదాయము ప్రభుత్వము నిర్ణయించిన పరిమితికి లోబడియున్నచో సహాయము పొందవచ్చును. ఆదాయమును గూర్చి అతడు దాఖలు చేయు అఫిడవిట్టే సాధారణముగా చాలును.

ఇచ్చట ఒక పొరపాటు తరచుగా జరుగును. సహాయము కోరిన స్త్రీని ఆదాయ ధ్రువపత్రము తెమ్మని, రేషను కార్డు చూపుమని తిప్పి పంపుదురు. "తండ్రికి పదియెకరముల ప్రత్తిచేను కలదు గదా" అని అనువారును కలరు. తండ్రి ఆస్తిగాని, భర్త జీతముగాని ఆమె అర్హతకు అడ్డు కానేరవు. వ్యాజ్యమునకు పైకి కనిపించు ఆధారము మాత్రము ఉండవలెను.

ఒక ఉదాహరణము

జగ్గయ్యపేట ప్రాంతపు ఆడపడుచును కోదాడ వైపు గ్రామమునకు ఇచ్చినారనుకొందము. భర్త పోషింపకపోగా ఆమె బిడ్డతో పుట్టినింటికి చేరినది. రాష్ట్రము వేరైనను ఆమె మనోవర్తికై కోదాడకు తిరుగనక్కరలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144, 145 సెక్షనుల ప్రకారము, తాను నివసించు జిల్లాలోనే దరఖాస్తు చేసికొనవచ్చును. 2005 నాటి గృహహింస చట్టము క్రింద కూడ, తాత్కాలికముగా నివసించుచున్న చోటనే రక్షణ కోరవచ్చును.

దరఖాస్తు

నందిగామ, జగ్గయ్యపేట న్యాయస్థానముల యందలి మండల న్యాయ సేవాధికార కమిటీకి దరఖాస్తు ఇయ్యవలెను. వ్రాయలేనివారు నోటితో చెప్పినను వ్రాసికొందురు. 15100 నెంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును. ప్లీడరు, కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, నకళ్లు అన్నియు ఉచితమే. నియమింపబడిన ప్లీడరు కక్షిదారునుండి ఏమియు పుచ్చుకొనరాదు. దరఖాస్తు తిరస్కరింపబడినచో అప్పీలు చేసికొనవచ్చును.

సభ్యుల కర్తవ్యము

లోక్ అదాలతులో కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కావున షరతులను చదివి వినిపింపక ఏ స్త్రీచేతను సంతకము చేయించుటకు తొందరపెట్టరాదు. ఉచిత సహాయపు వివరములను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. గ్రామసభలో చదివి వినిపింపుడు. తనకు హక్కు కలదని తెలియని మనిషికి ఆ హక్కు ఉన్నను లేనట్లే.