ఆపేసినా ఆగని బిల్లు

అమ్మలూ,

మీ ఆఫీసులో క్లౌడ్ ఖర్చు తగ్గించే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఈ పని సరిగ్గా చేస్తే సిస్టమ్ మొత్తం నీకు తెలుస్తుంది.

మీది అమెజాన్ క్లౌడ్, అంటే ఏడబ్ల్యూఎస్ కాబట్టి ముందు డిస్కులు చూడు. ఈసీటూ సర్వర్‌ని టెర్మినేట్ చేస్తే రూట్ డిస్కు మామూలుగా దాంతోపాటే పోతుంది. తర్వాత తగిలించిన ఈబీఎస్ డిస్కులు మాత్రం పోవు. ‘అవైలబుల్’ అన్న స్టేటస్‌తో అలాగే పడి ఉంటాయి. వాటిలో డేటా ఎంతున్నా సరే, ఎన్ని జీబీలు తీసుకున్నారో అన్నిటికీ నెలనెలా డబ్బు కట్టాల్సిందే. సర్వర్‌ని స్టాప్ చేసినా డిస్కు బిల్లు ఆగదు. ఆర్‌డీఎస్ డేటాబేస్‌ని ఆపితే 7 రోజులకి దానంతటదే మళ్లీ మొదలవుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకి, వాడినా వాడకపోయినా, గంటకి 0.005 డాలర్లు పడుతోంది. ఒక్కదానికి నెలకి మూడున్నర డాలర్ల పైచిలుకే, కానీ టెస్ట్ అకౌంట్లన్నీ కలిపి లెక్కేసి చూడు.

వీటిని చేత్తో వెతుకుతూ కూర్చోకు. మీరు ముంబై రీజియన్‌లో పనిచేస్తున్నా, ఎవరో ఎప్పుడో వర్జీనియా రీజియన్‌లో ఏదో ప్రయోగం చేసి వదిలేసి ఉండొచ్చు. క్లౌడ్ కస్టోడియన్ అని ఓపెన్ సోర్స్ టూల్ ఉంది, క్యాపిటల్ వన్‌లో పుట్టింది. యామల్ ఫైల్లో నియమం రాసిపెట్టి, అన్ని రీజియన్లలో నడపమంటే, అన్నీ వెతికి జాబితా ఇస్తుంది. రోజూ రాత్రి నడిచేలా పెట్టు.

అయితే అమ్మలూ, వెతకడం వరకే మెషీన్‌కి వదిలెయ్యి. వాడటం లేదని కనిపించినవన్నీ అక్కర్లేనివి కావు. నెలాఖరున జీతాల లెక్కలు చేసే సర్వర్ మిగతా రోజుల్లో ఖాళీగానే ఉంటుంది. ఏడబ్ల్యూఎస్ వాళ్ల కంప్యూట్ ఆప్టిమైజర్ మామూలుగా గత 14 రోజుల వాడకమే చూస్తుంది, నెలకోసారి వచ్చే పని దాని కంటపడకపోవచ్చు. దాని మాట మీద సర్వర్ తీసేస్తే ఒకటో తారీఖున జీతాలు ఆగిపోతాయి. అందుకే దొరికినదానికి ముందు ట్యాగ్ పెట్టు, ఓనరుకి మెయిల్ పంపు, నెల దాటేదాకా ఆగు. డిస్కు తీసేసే ముందు స్నాప్‌షాట్ తీసుకో. దానికీ బిల్లు పడుతుంది గనక దాన్ని ఎప్పుడు తీసెయ్యాలో ఆ తేదీ కూడా అప్పుడే పెట్టెయ్యి.

ఇంతకీ ఆ ఓనరు ఎవరో తెలియకపోవడమే అసలు తలనొప్పి. ఓనరు పేరున్న ట్యాగ్ లేకుండా కొత్తది ఏదీ తయారు కాకుండా మీ మేనేజరు చేత నియమం పెట్టించు. బిల్లులో ఎన్ని డాలర్లు తగ్గించావన్న దానికన్నా నేను దీన్నే పెద్ద పనిగా చూస్తాను.

ఇంకొక్క మాట. ఎవరి పేరు మీద ఎంత వృథా అయిందో గ్రూపులో అందరి ముందూ పెట్టకు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడు. తిడతారన్న భయం పుడితే జనం అన్నిటికీ ‘వాడుతున్నాం’ అని ట్యాగ్ తగిలించి ఊరుకుంటారు, అప్పుడు నీ టూల్‌కి ఏమీ దొరకదు.

ఈ వారం డ్రై రన్ మాత్రమే నడుపు, ఏదీ డిలీట్ చెయ్యకు. ఏం దొరికాయో నాకు రాయి.

నీ పెదనాన్న