పోటీ పరీక్షల ప్రత్యేకం: యోబు బాధలు - విలియం బ్లేక్ చెక్కడం

బైబిల్ పాత నిబంధనలోని యోబు నీతిమంతుడు. సంపదను, సంతానాన్ని కోల్పోయాక ఒళ్లంతా కురుపులతో విలవిలలాడతాడు. ఆంగ్ల కవి, చిత్రకారుడు విలియం బ్లేక్ (1757-1827) ఈ కథను రాగిరేకులపై చెక్కాడు. 1823లో చిత్రకారుడు జాన్ లిన్నెల్ ఆ పని అప్పగించాడు. 1826లో పుస్తకంగా వెలువడింది. ముఖపత్రం కాక 21 చిత్రాలు.

వాటిలో 6వది మనసును కలచివేస్తుంది. నేలపై పడి ఉన్న యోబు మీద సాతాను నిలబడి వ్యాధిని కుమ్మరిస్తుంటాడు. పాదాల దగ్గర భార్య ముఖం కప్పుకుని ఏడుస్తుంటుంది. రంగుల్లేకుండా గీతలతోనే ఇంత వేదన పలికించడం అసామాన్యం.

అభ్యర్థులు తరచూ తడబడేది పద్ధతి దగ్గరే. ఎన్‌గ్రేవింగ్‌లో బ్యూరిన్ అనే ఉక్కు పనిముట్టుతో లోహాన్ని నేరుగా చెక్కుతారు. ఎచింగ్‌లో గీతలను ఆమ్లం తొలుస్తుంది. రెండింటిలోనూ పల్లపు గీతల్లో నిలిచిన సిరాయే కాగితంపై అచ్చవుతుంది. వుడ్‌కట్‌లో తీరు వేరు, అక్కడ సిరా పట్టేది ఉబ్బెత్తు భాగానికి. బ్లేక్ యోబు చిత్రాలు ఎన్‌గ్రేవింగ్‌లు. ప్రశ్నలో ‘ఎచింగ్’ కనబడితే ఆగి చదవండి.