పాత ఇంజను హెడ్డు కొనుటకు ముందు పగుళ్ల పరీక్ష



రామగుండం, గోదావరిఖని ప్రాంతములో బొగ్గు గనుల మూలమున లారీలు, యంత్రములు బాగుచేయు షెడ్లు ఉన్నవి. ట్రాక్టరు హెడ్డు చెడినపుడు కొత్తది కొనలేని రైతు ఇట్టి చోట్ల పాతది వెదకుట సహజమే. అయితే పరీక్షించక కొనరాదు. పగిలిన హెడ్డు బిగించినచో గాస్కెట్టు, ఇంజను నూనె, మెకానిక్కు కూలి వృథా యగును. అంతేగాక నీరు సిలిండరులోనికి దిగి, స్టార్టు చేయగానే కనెక్టింగు రాడ్డు వంగిపోవచ్చును. దుక్కుల అదనులో బండి ఆగిన నష్టము వేరు.

పగులు ఎక్కడ వచ్చును?

హెడ్డుకు ఒక వైపు మంట, లోపల నీరు ఉండును. ఈ ప్రాంతపు ఎండ కొన్ని ఏండ్లు 45 డిగ్రీలు దాటును. నీరు తగ్గి ఇంజను మిక్కిలి కాగినపుడు చన్నీరు పోసినచో పోత ఇనుము ఒక్కసారిగా ముడుచుకొని పగులును. రెండు వాల్వు సీట్ల నడుమ నుండు సన్నని భాగమును, వాల్వు సీటుకు ఇంజెక్టరు రంధ్రమునకు నడుమ భాగమును ముందుగా చూడవలెను.

పరీక్షించు విధము

1. వాల్వులు తీయించి, తీగ బ్రష్షుతో మసి గోకించి, డీజిలుతో కడిగించండి. కొత్త రంగు పూసియున్నచో దానినీ తీయించండి. మసి, రంగుల క్రింద పగులు దాగును.

2. డీజిలు పూసి అరగంట ఉంచండి. పొడిగుడ్డతో బాగుగా తుడిచి, మెత్తని సుద్దపొడి పలుచగా చల్లండి. పగులులో ఇంకిన డీజిలు పైకి ఊరి, తెల్లని పొడిపై తడిగీత కనబడును. పూర్వము రైల్వే వర్కుషాపులలో నూనెతోను, సుద్దతోను ఇట్లే పగుళ్లు కనుగొనెడివారు. దగ్గరలో బీడీ, మంట ఉండరాదు.

3. ఉక్కు స్కేలును అంచు మీద నిలిపి, హెడ్డు అడుగు ముఖముపై మూల నుండి మూలకు పెట్టి చూడండి. స్కేలు క్రింద వెలుతురు కనబడినచో హెడ్డు వంకరపోయినదని గ్రహించవలెను.

4. లోపలి పగులు సుద్దకు అందదు. కనుక ఒత్తిడి పరీక్ష కూడ చేయించండి. నీటి దారులన్నియు రబ్బరు ప్యాకింగుతో మూసి, హెడ్డును వేడినీటిలో ముంచి, లోనికి గాలి పంపుదురు. పగులున్న చోట బుడగలు వచ్చును. చల్లగా నున్నపుడు మూసికొనియుండు పగులు వేడికి తెరుచుకొనును. ఈ పరీక్ష పరికరములున్న వర్కుషాపులోనే చేయించవలెను.

బేరములో జాగ్రత్త

పరీక్షలో పగులు తేలినచో సొమ్ము వాపసు ఇత్తునని రసీదుపై వ్రాయించుకొనండి. “చిన్న గీతే, వెల్డింగు చేయిస్తే సరిపోతుంది” అను మాట నమ్మరాదు. పోత ఇనుమును ముందుగా అంతట వేడిచేసి, అతికిన పిదప మెల్లగా చల్లార్చనిచో అతుకు ప్రక్కనే మరల పగులును.

మీ పాత హెడ్డు ఎందుకు పగిలినదో కూడ తెలిసికొనండి. రేడియేటరులో పేరుకొన్న పొర, వదులైన ఫ్యాను బెల్టు, చెడిన నీటి పంపు అట్లే ఉన్నచో ఇప్పుడు కొన్న హెడ్డుకును అదే గతి పట్టును. కాగిన ఇంజనులో చన్నీరు పోయక, చల్లారిన పిదపనే పోయండి. ఈ పనులన్నియు రోహిణి కార్తెలోనే ముగించుకొన్నచో మృగశిర నాటికి ట్రాక్టరు సిద్ధముగా ఉండును.