బెల్లం నాణ్యతను గుర్తించుట: రంగుకు మించిన పరీక్షలు

అనకాపల్లి బెల్లం విపణిలో వేలం జరిగేటప్పుడు దిమ్మ ధరను నిర్ణయించేది మొట్టమొదట దాని రంగు. లేత పసుపు రంగు గలది మొదటి రకం. ముదురు గోధుమ రంగు గలది రెండవదో మూడవదో అవుతుంది. నేను గమనించినంతవరకు దిమ్మను విరిచి చూసేవారు కొద్దిమంది, నోట వేసుకొని చూసేవారు ఇంకా తక్కువ. ఈ అలవాటు వలన సొంత చెరకును సొంత గానుగలో ఆడించి, రసాయనాలు కలపకుండా బెల్లం వండే సన్నకారు రైతు నష్టపోతున్నాడు. వినియోగదారుడు కూడా నష్టపోతున్నాడు గాని, ఆ సంగతి అతనికి తెలియదు.

రైతులు వాడుకలో హైడ్రోస్ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్ రసంలోని రంగు పదార్థాలను క్షయకరణం చెందించి తాత్కాలికంగా పాలిపోయేటట్లు చేస్తుంది. మలినాలను తొలగించడం దాని పని కాదు. నిలువ ఉంచినప్పుడు గాలి సోకి, కొద్ది వారాలలోనే పాత రంగు తిరిగి వస్తుంది. అప్పటికి అమ్మకం పూర్తయి ఉంటుంది. బెల్లంలో మిగిలిపోయే గంధక డయాక్సైడు కిలోకు 70 మిల్లీగ్రాములకు మించరాదన్నది నియమం. మోతాదు లేకుండా గుప్పిళ్ళతో చల్లే చోట ఈ పరిమితి నిలుస్తుందని ఆశించలేము. ఉబ్బసం ఉన్న కొందరికి సల్ఫైట్లు హాని చేస్తాయన్న విషయం కూడా మరువరాదు.

నిజానికి బెల్లం నాణ్యతలో అధిక భాగం పొయ్యి వెలిగించక ముందే, చేనులోనే నిర్ణయమవుతుంది. నత్రజనిని ఆలస్యంగా, అధికంగా వేసిన తోటలో చెరకు పక్వానికి రావడం వెనుకబడుతుంది. రసంలో సుక్రోజు తగ్గి, బెల్లం మెత్తబడుతుంది. చౌడు నేలలలోను, ఉప్పునీటి పారుదల కింద పండిన చెరకు బెల్లానికి ఉప్పదనం వస్తుంది, అది తేమను త్వరగా పీల్చుకుంటుంది. నరికిన చెరకును 24 గంటలలోపు ఆడించాలి. ఆలస్యమైన కొద్దీ సుక్రోజు విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారుతుంది. అటువంటి బెల్లంతో సంక్రాంతికి అరిసెల పాకం పట్టిన గృహిణికి ఉండ పాకం ఎందుకు కుదరలేదో ఏ పుస్తకమూ చెప్పనవసరం లేదు.

మూడు రోళ్ళ గానుగలో 100 కిలోల చెరకుకు సుమారు 60 నుండి 65 కిలోల రసం, దాని నుండి 10 నుండి 12 కిలోల బెల్లం వస్తాయి. తాజా రసం ఉదజని సూచిక 5.2 నుండి 5.5 వరకు ఉంటుంది. సున్నపు తేటతో దానిని 6.2 నుండి 6.4 వరకు పెంచి, బెండ మొక్కల జిగురు కలిపితే మడ్డి పైకి తేలుతుంది. దానిని ఓపికగా, పదే పదే తీయవలసి ఉంటుంది. హైడ్రోస్ ఆదా చేసేది ఈ శ్రమనే! పాకం సుమారు 118 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరినప్పుడు పెనం దింపాలి. అనుభవజ్ఞుడైన వంటవాడు ఉష్ణమాపకం లేకుండా, చల్లని నీటిలో చుక్క వేసి దీనిని నిర్ధారిస్తాడు.

విద్యార్థులచే నేను ఏటా చేయించే అభ్యాసం ఒకటి ఉన్నది. కళ్ళకు గుడ్డ కట్టి మూడు నమూనాలను రుచి చూడమంటాను. అందంగా పచ్చగా ఉన్నదానిని మొదటి స్థానంలో నిలిపేవారు అప్పుడు అంతగా కనబడరు. పాఠకులు ఇంటి వద్దనే ఇది చేయవచ్చును. దిమ్మను విరిచినప్పుడు లోపల పలుకులు మెరవాలి, ముక్క గట్టిగా విరగాలి. వాసనలో చెరకు తెలియాలి. అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు తగిలితే గంధకాన్ని అనుమానించాలి. తీపి వెనుక ఉప్పదనం నేలను లేదా నీటిని, చేదు మాడిన పాకాన్ని, పులుపు నిలువ ఉన్న చెరకును సూచిస్తాయి. ఒక ముక్కను గాజు గ్లాసు నీటిలో కరిగిస్తే మడ్డి తీసిన శ్రద్ధ ఎంతో అడుగున కనబడుతుంది.

ఫ్రాన్సు దేశంలో వైన్‌కు ప్రాంతీయ నామ విధానం 1935లో చట్టబద్ధమైనది. అక్కడ చిన్న ద్రాక్షతోట యజమాని తన ఊరి పేరుతో సీసా అమ్మగలుగుతున్నాడంటే దానికి చట్టం ఒక్కటే కారణం కాదు. ఏ వాలు నేల ద్రాక్ష ఏ రుచినిస్తుందో ఎరిగిన కొనుగోలుదారులు ఉండడం కూడా. మన దేశంలో భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి 2003లో అమలైనది. అయితే బెల్లం దిమ్మపై చెరకు రకం గాని, వండిన తేదీ గాని, ఊరి పేరు గాని సాధారణంగా ఉండవు. విపణిలో అన్ని దిమ్మలూ ఒకే రాశిలో కలిసిపోతాయి.

అందువలన రసాయన రహితంగా వండే రైతులు ప్రస్తుతానికి వేలంపైనే ఆధారపడకుండా, కొంత భాగాన్నైనా నేరుగా ఇళ్ళకు, మిఠాయి తయారీదారులకు అమ్మడం మేలు. ఒక కిలో, అర కిలో అచ్చులుగా పోసి, తేమ చొరని సంచులలో కట్టి, పైన పై మూడు వివరాలూ వ్రాయాలి. తొలకరికి ముందే సరుకు ఖాళీ అయ్యేటట్లు చూసుకోవాలి. వర్షాకాలపు తేమకు ఎంత మంచి బెల్లమైనా కారుతుంది.